చారిత్రక ప్రణయ నవలయు పాఠకుల పంచాయితీయు

చారిత్రక ప్రణయ నవలకు రెండు వైపుల నుండియు పోటు తప్పదు. చరిత్ర చదివినవాడు శాసనముల తేదీలు చేతబట్టుకొని నిలదీయును; కథ కొరకు చదువువాడు ఈ రాజుల గొడవయు, ఈ కోటల వర్ణనయు లేకున్నచో పుస్తకము సగమై యుండెడిదని విసుగుకొనును. అయినను ఇన్ని మాటలు పడినదియు, ఇన్ని చేతులు మారినదియు ఈ నవలయే. మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని వంటి బొగ్గుగనుల ఊళ్లలో అద్దె పుస్తకముల దుకాణములు కళకళలాడిన దినములలో, వారపత్రికల నుండి సీరియల్ పుటలను చింపి, వరుసగా పేర్చి, సూదిదారముతో కుట్టి, పాత క్యాలెండరు కాగితమును అట్టగా వేసి దాచుకొన్న ఇల్లాండ్రు ఎందరో ఉండిరి. అట్టి కుట్టుపుస్తకములో ఒక వారపు పుట జారిపోయినచో, పొరుగింటి ఆమె ఆ వారపు కథను నోటితో చెప్పి పూరించెడిది. చెప్పుచు చెప్పుచు తన తీర్పును కూడ కలిపెడిది. ఆ తీర్పులను గూర్చియే ఈ సమీక్ష. గ్రంథకర్తలను గూర్చి మన విమర్శకులు వ్రాసినంతగా, చదివినవారు ఎందుకు చీలిపోయిరో వ్రాసి యుండలేదు.

ఈ జాతి నవలకు పుట్టినిల్లని లోకమెల్ల చెప్పుకొనునది ఇంగ్లండులోని రీజెన్సీ కాలము. మూడవ జార్జి రాజు మతి చలించి రాజ్యభారము వహింపలేని స్థితిలో పడగా, 1811 ఫిబ్రవరి మొదలుకొని 1820 జనవరిలో ఆ రాజు మరణించువరకు యువరాజు అతని ప్రతినిధిగా పాలించెను. ఆ తొమ్మిదేండ్లకే ఆ పేరు. జేన్ ఆస్టెన్ నవలలు వెలువడినది అప్పుడే గాని, ఆమె వ్రాసినది తన కన్నుల యెదుటి జీవితమును. ఆమెకు అది చరిత్ర కాదు. ఆ కాలమును గతముగా జేసి, దాని బండ్లు, బట్టలు, నాట్యమందిరములు, ఊతపదములు ఒక్కొక్కటే ఏరి తెచ్చి, ప్రణయకథకు రంగస్థలముగా నిలిపినది జార్జెట్ హేయర్. ఆమె 'రీజెన్సీ బక్' 1935లో వచ్చినది. ఆమె చదువరులలో ఒక వర్గము ఆ పరిశ్రమకు ముగ్ధులైరి. 1937 నాటి 'యాన్ ఇన్ఫేమస్ ఆర్మీ'లో వాటర్లూ యుద్ధమును వర్ణించిన తీరును యుద్ధచరిత్ర తెలిసినవారు సైతము మెచ్చుకొనిరి. మరియొక వర్గమునకు ఆ మెరుగుల వెనుక పొట్టకూటి మనుష్యులెవ్వరును కనబడలేదు. 1950 నాటి 'ది గ్రాండ్ సోఫీ'లో వడ్డీవ్యాపారియైన యూదుని చిత్రించిన పద్ధతి నేటికిని ఎందరికో మ్రింగుడుపడదు. ఐరోపాలో యూదులకు జరిగిన ఘోరము లోకమునకు తెలిసిన అయిదేండ్లకే ఆ పుట అచ్చయినదని తలచినప్పుడు, మిగిలిన నవల ఎంత చమత్కారముగా నడచినను నోరు చేదగును.

ఆ నాయకుల చేతి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న మనకు మరింత దగ్గరిది. ఇంగ్లండులో రీజెన్సీ నడచిన కాలము, హైదరాబాదులో సికందర్ జా నిజాము దొరతనపు కాలములోనిదే. బ్రిటిషు రెసిడెంటుగా హెన్రీ రస్సెల్ వచ్చినది 1811లో, దిగిపోయినది 1820లో. ఏండ్లు సరిగ్గా అవే. పామర్ కంపెనీ నిజాము సర్కారునకు అధిక వడ్డీకి అప్పులిచ్చి లాభము గడించినది ఆ కాలముననే. ఎలగందుల కోట క్రింది పల్లెలలో పండిన వడ్ల శిస్తు నగరపు ఖజానాకును, ఖజానా నుండి వడ్డీల రూపమున పరుల పాలునకును పోయిన మార్గము ఏ రీజెన్సీ నవలలోను కానరాదు. నాయకుని వార్షికాదాయము మాత్రము మొదటి అధ్యాయములోనే పౌనులలో తేల్చి చెప్పబడును. దీనిని దోషమనుటకంటె ఆ జాతి కథకు అలవాటైన చూపనుట మేలు. అయినను కరీంనగరున కూర్చుండి ఆ అంకెలను చదువువాడు క్షణకాలమైనను ఆగక తప్పదు.

ఇటీవల ఈ తగవు మన ఇండ్లలోనికే వచ్చినది. జూలియా క్విన్ 2000లో వ్రాసిన 'ది డ్యూక్ అండ్ ఐ' అను రీజెన్సీ నవల ఆధారముగా 2020 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ 'బ్రిడ్జర్టన్' ధారావాహికను విడుదల చేయగా, దానిని జూచి మూలమును చదివిన మన యువతీయువకులు చాలమంది. ఆ నవలలో డ్యూకు సంతానము వలదని శపథము పట్టినవాడు. ఒక రాత్రి అతడు త్రాగి యొడలెరుగని స్థితిలో ఉండగా, భార్య ఆ అదను చూచుకొని తన కోరికను నెరవేర్చుకొనును. ఈ ఒక్క ఘట్టము మీదనే లోకమందలి చదువరులు రెండుగా చీలిరి. భర్త ఆమెను అజ్ఞానములో ఉంచి వంచించెను గావున ఆమె చేసినది ప్రతిక్రియ మాత్రమే అనువారు కొందరు. స్త్రీ చేసినను పురుషుడు చేసినను సమ్మతి లేని సంగమము బలాత్కారమే అనువారు మరికొందరు. ఇందు నేను రెండవ పక్షమువాడను. ఇంత పెద్ద వివాదములో 1813 నాటి లండనులో ఇట్లు జరుగునా అని అడిగినవారు అరుదు. అందరును అడిగినది ఇట్లు జరుగవచ్చునా అని. చరిత్రను గూర్చిన తగవుగా పైకి కనబడునది లోన మర్యాదను గూర్చిన తగవని నాకు మొదట తోచినది ఇక్కడనే.

అదే ధారావాహిక రెండవ భాగము 2022లో వచ్చినప్పుడు నాయిక భారతదేశము నుండి వచ్చిన శర్మ యింటి పిల్లయయ్యెను. ఆమె తండ్రిని అప్పా అనును. చెల్లెలు ఆమెను దీదీ అనును. ఆమె చెల్లెలిని పిలుచునది బంగాళీల మాటతో. ఒక్క యింటిలో ఇన్ని రాష్ట్రములు కాపురముండుట చూచి మనవారు నవ్వుకొనిరి. నవ్వుకొనుచునే చివరి భాగము దాక చూచిరి. తేదీ తప్పినందుకు పుస్తకమును మూసివేయు పాఠకుడు లేడనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలయును?

తెలుగు చారిత్రక నవలకును ఆ రీజెన్సీ కాలమునకును చుట్టరికము దూరపుదైనను ఉన్నది. వాల్టర్ స్కాట్ 'వేవర్లీ' 1814లోను, 'ఐవాన్ హో' 1819 చివరను వెలువడినవి. చారిత్రక నవలకు అచ్చు పోసినవాడు అతడే. ఆ ఒరవడి వంగదేశమున బంకించంద్రుని 'దుర్గేశనందిని'గా 1865లో మొలచినది. అది 'ఐవాన్ హో'కు అనుకరణమని చదువరులు కొందరు అప్పుడే ఆక్షేపింపగా, తాను ఆ గ్రంథమును అంతకు ముందు చదువలేదని బంకించంద్రుడు చెప్పుకొనవలసి వచ్చెను. అటనుండి ఆ గాలి మనకు వీచినది. చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి 'హేమలత' 1896 నాటిది. అల్లాఉద్దీను చిత్తోర్‌గఢ్ మీదికి దండెత్తిన కాలమునకు కట్టిన కథ. 1906లో హైదరాబాదున పుట్టిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్రము, శాస్త్రము తెలుగున అచ్చువేయుటయే గాక, పోటీలు పెట్టి చారిత్రక నవలలు వ్రాయించెను. 'విమలాదేవి', 'రాయచూరి యుద్ధము' ఆ త్రోవన వచ్చినవే. నవల చదివి జనులు చరిత్ర నేర్చుకొందురని పెద్దలు ఆశించిరి. జనులు నేర్చుకొనినది వేరు: కోటగోడ దాటి వచ్చిన ప్రియుని కొరకు కనిపెట్టుకొని యుండుట ఎట్లో నేర్చుకొనిరి.

ఆ తొలినాటి నవలలు పెక్కింటిలో తురకవాడనగా దుష్టుడు, రాజపుత్రుడనగా ధీరుడు. కరీంనగరువంటి ఊరిలో ఆ పుటలు కొంత ఇబ్బంది పెట్టును. సయ్యద్ కరీముద్దీన్ అను కిల్లేదారుని పేర వెలసినదని చెప్పుకొను ఊరు ఇది. ఉర్దూ బడిలో చదివి తెలుగు కవులైనవారి జిల్లా ఇది. పీరీలు ఎత్తిన చేతులే బతుకమ్మలకు పూలు తెచ్చు పల్లెలలో, మతమును జూచి పాత్రకు గుణము నిర్ణయించు కథ కొంచెము దూరపు చుట్టము మాటవలె వినబడును. ఈ కారణమున 'హేమలత' కాలపు నవలలను ఇక్కడివారు చదువలేదని కాదు; చదివి, ఆ భాగమును వదలిపెట్టి, తక్కినది జ్ఞాపకముంచుకొనిరి. పాఠకుని ఈ స్వాతంత్ర్యమును విమర్శకులు లెక్కింపరు.

ఇక 'ఏకవీర'. ఈ సమీక్షకు వెన్నెముక అదియే. 1929, 1931 మధ్య విశ్వనాథ సత్యనారాయణ గారు రచించి 'భారతి'లో ప్రకటించిన ఈ నవలకు రంగస్థలము పదిహేడవ శతాబ్ది తొలినాళ్ల మధుర, నాయకరాజుల మధుర. హేయర్ తన రీజెన్సీని కట్టుకొనుటకు నాలుగైదేండ్ల ముందే, ఆమె పేరు కూడ విని యుండని ఒక తెలుగు కవి, మర్యాదయే కారాగారమైన ఒక సమాజమును తన పద్ధతిన కట్టుకొనెను. కుట్టాన్ సేతుపతి, వీరభూపతి ప్రాణస్నేహితులు. కుట్టాను వలచినది మీనాక్షిని. వీరభూపతి వలచినది ఏకవీరను. పెద్దలు కూర్చిన పెండ్లిండ్లలో ఏకవీర కుట్టానుకును, మీనాక్షి వీరభూపతికిని భార్యలైరి. ఎవరి మనసు ఎక్కడ నున్నదో ఎవరికిని తెలియదు. తెలుపుటకు నోరు రాదు. రెండు కాపురములును ఆ మౌనము మీదనే నడచి, ఒక్క క్షణపు ఏమరుపాటుతో విషాదమున మునుగును.

విశ్వనాథ వారు 1959 నుండి 1961 వరకు కరీంనగరు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండిరి. ఆ రెండేండ్లు ఈ ఊరి చదువరులకు ఒక విచిత్రమైన అవకాశము లభించెను: నవలలో తాము తప్పుపట్టిన మాటను, ఆ మాట వ్రాసిన మనిషిని ఒకే వీధిలో చూడగలుగుట. కృష్ణాతీరపు నుడికారముతో, సంస్కృత సమాసములతో, తిరుగులేని తీర్పులతో మాటలాడు ఆ పెద్దమనిషిని ఇక్కడి యువకులు భక్తితో చూచినవారును కలరు, అతని వర్ణధర్మ నిష్ఠకు మండిపడినవారును కలరు. ఆనాడు కరీంనగరు జిల్లాలోనిదే యైన వంగర గ్రామస్థుడు, మంథని శాసనసభ్యుడు పి.వి. నరసింహారావు గారు విశ్వనాథ వారి 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్'గా హిందీలోనికి తెచ్చినది 1968లో. భూసంస్కరణల మంత్రాంగమున పేరుపొందనున్న ఆయన, జమీందారీ వ్యవస్థను ధర్మస్వరూపముగా దర్శించిన నవలను అంత శ్రద్ధతో అనువదించుట చూచి ఆశ్చర్యపడినవారు ఈనాటికిని ఉన్నారు. నాకు అందులో ఆశ్చర్యమేమియు లేదు. ఏకీభవింపని పుస్తకమును ప్రేమించుట పాఠకునికి నిత్యానుభవము. ఆ 'వేయిపడగల'కే 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'తో సగము సగము పంచి ఇచ్చిరి. న్యాయనిర్ణేతలకే ఒక్క తీర్పు కుదరనప్పుడు గుంపుగా చదువువారికి కుదురునా?

'ఏకవీర'ను గూర్చి వినవచ్చు అసమ్మతి, పండితులు ఊహించునట్లు మధుర చరిత్రను గూర్చినది కానే కాదు. తిరుమలనాయకుని ముందువారెవరో, వెనుకవారెవరో ఇక్కడ నూటికి తొంబదిమందికి పట్టదు. వారి అభ్యంతరము సూటియైనది. "గంత దోస్తీ ఉన్నోడు, నువ్వు మనసు పడ్డ పిల్ల ఎవలు రా అని ఒక్కపారన్న అడుగకపోయెనా?" అందురు. ఈ ఒక్క ప్రశ్న అడిగియున్నచో నవల లేదు. అభిమానులు దీనికి చెప్పు సమాధానము: ఆ కులములలో, ఆ కాలమున, పరస్త్రీ పేరు నోట పలుకుటయే మర్యాదాభంగము, స్నేహితుని యెదుట గూడ ఆ పేరు రాకుండుటయే ఆ ప్రేమకు గౌరవము. ఈ సమాధానమునకు లొంగినవానికి 'ఏకవీర' గుండె పిండివేయు గ్రంథము. లొంగనివానికి రెండు వందల పుటల పొరపాటు.

నేను చూచిన ఒక గ్రంథాలయపు ప్రతిలో ఈ తగవు అంచులమీదనే నడచినది. మీనాక్షి తన గతమును దాచుకొని భర్తకు వడ్డించు పుటల ప్రక్కన సన్నని పెన్సిలుతో ఎవరో నిలువుగీత గీసి 'అన్యాయము' అని వ్రాసిరి. దాని క్రింద నీలి సిరాతో వేరొక చేయి 'అప్పుడు అంతే' అని జవాబిచ్చెను. రెండవ చేవ్రాత పెద్దది, ధీమా గలది. పెన్సిలు చేవ్రాత ఆ పుట తరువాత మరి కనబడలేదు. ఆ చదువరి పుస్తకమును అక్కడనే విడిచెనో, గీతలు గీయుట మాని తుదివరకు చదివెనో తెలియు మార్గము లేదు. 'అప్పుడు అంతే' అను జవాబు మాత్రము నాకు తృప్తి నీయలేదు. ఆనాడు అంతే యైనచో మీనాక్షికి అంత బాధ ఏల? తన కాలపు మర్యాదను సంపూర్ణముగా అంగీకరించినది బాధపడదు, అంగీకరింపనిది తిరుగబడును, విశ్వనాథ వారి స్త్రీలు ఈ రెంటి నడుమ నలిగి, ఆ నలుగుటను గూడ దాచుకొందురు. ఆ నలుగుబాటును అక్షరములలో నిలిపినందుకే అది ప్రణయ నవల యైనది. లేనిచో ధర్మశాస్త్ర వ్యాఖ్యానమై యుండును.

1969లో ఆ నవల సి.ఎస్. రావు దర్శకత్వమున చలనచిత్రమై, ఎన్.టి. రామారావు కుట్టానుగాను, కాంతారావు వీరభూపతిగాను తెరమీదికి వచ్చినప్పుడు సంభాషణలు వ్రాసినది సి. నారాయణరెడ్డి గారు, అనగా వేములవాడ ప్రక్క హనుమాజీపేట బిడ్డ. విశ్వనాథ వారి పాత్రలకు నోరు ఇచ్చినది కరీంనగరు మనిషియన్న సంగతి ఇక్కడివారు గర్వముగా చెప్పుకొందురు. చిత్రము కాసులు రాల్చలేదు. నాయకుడు ప్రేమించిన పిల్లను తుదకు ఎత్తుకొనిపోయి పెండ్లాడునని మూడు గంటలు కూర్చున్న జనమునకు, ఎవ్వరికిని ఎవ్వరును దక్కని ముగింపు ఎట్లు రుచించును? నవలలో ఓర్చుకొన్న మౌనమును తెరపై ఓర్చుకొనుట కష్టము. పుస్తకములో మౌనమును పాఠకుడే పలికించుకొనును, తెరమీద అది కేవలము మాటలాడని నటునిగా మిగులును.

నారాయణరెడ్డి గారికి చారిత్రక ప్రణయము క్రొత్త కాదు. 1957లో ఆయన వెలువరించిన 'కర్పూర వసంతరాయలు' కొండవీటి రెడ్డిరాజు కుమారగిరికిని, నర్తకి లకుమకును నడుమ నడచిన వలపును గేయకావ్యముగా చెప్పినది. నవల కాకున్నను ఈ పంచాయితీలో దానికి చోటున్నది. ఏలయన, లకుమ తన్ను తాను బలియిచ్చుకొనుటను గూర్చి చదువరులలో సరిగా 'ఏకవీర' తగవే పుట్టినది. రాజ్యము చెడకుండ నర్తకి చావవలెనట. రాజు మారి రాజ్యము చక్కబెట్టుకొనరాదా? లయ మోహనముగా ఉన్నంతసేపు ఈ ప్రశ్న రాదు, పుస్తకము మూసిన తరువాత వచ్చును. ఇది కావ్యమునకు దోషమో, గెలుపో నేనింతవరకు తేల్చుకొనలేదు.

బాపిరాజు గారి మార్గము పూర్తిగా వేరు. హైదరాబాదున 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకులుగా వచ్చిన ఆయన 1940ల నడుమ వ్రాసిన 'గోన గన్నారెడ్డి' తెలంగాణమున ఇంటింట చదివిన చారిత్రక నవల. పెండ్లిపీటల మీదికి రాబోవు వరుని గజదొంగ ఎత్తుకొని పోవుటతో కథ ఆరంభమగును. ఆ దొంగయే రుద్రమదేవికి రహస్యముగా కొమ్ముగాయు వీరుడు. ఆ పెండ్లికూతురు అన్నాంబికయే తుదకు అతనికి దక్కవలసిన ప్రియురాలు. ఇట్టి కథను కాదనుటకు ఎవనికి మనసొప్పును? రేపల్లె నుండి నోరి నరసింహశాస్త్రి గారు వ్రాసిన 'రుద్రమదేవి' శాసనములకు, వాఙ్మయాధారములకు మరింత కట్టుబడినది. విద్వాంసులు దానిని మెచ్చిరి, చిరుగులు పడినది మాత్రము బాపిరాజు ప్రతి. 2015లో 'రుద్రమదేవి' చలనచిత్రమున గన్నారెడ్డి తెలంగాణ యాసలో మాటలాడగా హాలులో ఈలలు మ్రోగినవి. పదమూడవ శతాబ్దపు మాండలికము అది కాదని చెప్పబోయినవానిని ఎవరును లెక్కచేయలేదు. అంతకాలము కోటలలోని వీరులందరును బెజవాడ తెలుగు మాటలాడినప్పుడు ఈ భాషాశాస్త్రము ఎక్కడ పోయినదని ఎదురడిగిరి. ఆ ఎదురుప్రశ్నలో న్యాయమున్నది.

అయినను 'గోన గన్నారెడ్డి' మీద నాకొక ఫిర్యాదు కలదు. అందలి చరిత్ర తప్పులు నన్ను బాధింపవు. ఆ చరిత్ర ప్రేమకు అడ్డు నిలువకపోవుటయే బాధ. అందరును ఉదాత్తులు, అందరును సుందరులు, రాణియు దయామయి. అడ్డంకి యేదైన వచ్చినచో అది దుష్టుని వలననే గాని కాలధర్మము వలన కాదు, కావున దుష్టుడు ఓడగానే దారి తెరచుకొనును. చారిత్రక ప్రణయ నవలలో క్షమింపరాని తప్పు ఏదని నన్నడిగినచో ఇదియే చెప్పుదును: కాలము కల్పించిన చిక్కును రచయిత తన చేతితో విప్పివేయుట. కాలము మారిపోయిన బట్టను నాయికకు తొడిగినను, దొరకని పండును ఆమె చేత తినిపించినను నష్టము లేదు. ఆమెకు ఆనాడు లేని స్వేచ్ఛను ఉచితముగా ఇచ్చినచో కథకు ప్రాణము పోవును. 'ఏకవీర' ఈ తప్పు చేయలేదు. బ్రిడ్జర్టన్ ధారావాహిక దాదాపు ప్రతి భాగమునను చేయును.

ఇచ్చట ఉత్తర తెలంగాణపు పాఠకునికి మాత్రమే తట్టు మరియొక సంగతి కలదు. కాకతీయ నవలలన్నిటిలోను ఓరుగల్లు కేంద్రము, అది వెలుగు. చుట్టునున్న మండలములు సామంతుల కుట్రలకు తావులు. కాని హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని 1163 నాటి శాసనము రుద్రదేవుడు ఓడించినవారిలో దొమ్మరాజును, మేడరాజును లెక్కించుచున్నది. దొమ్మరాజు కరీంనగరు చెంతనున్న నగునూరివాడు. మేడరాజు జగిత్యాల ప్రక్క పొలవాసవాడు. ఆ శాసనమును మన ఊరివైపు నుండి చదివినచో అది జయశాసనము కాదు. జనుల నోట ఆ మేడరాజే సమ్మక్కకు పెంపుడు తండ్రి. కాకతీయుల సేనను ఎదిరించి నేలకొరగిన ఆ సమ్మక్కకును, ఆమె బిడ్డకును రెండేండ్లకొకసారి మేడారమున కోటిమంది బంగారమని బెల్లము సమర్పించుదురు. శాసనమున గెలిచినవాడు రుద్రదేవుడు, జాతర కథలో దండెత్తినవాడు ప్రతాపరుద్రుడు. నడుమ నూరేండ్లకు పైబడిన అంతరమున్నదని చరిత్రకారులు ఎత్తిచూపుదురు, ఎత్తిచూపవలసినదే. ఆ అంతరము వలన భక్తుని కన్నీరు తగ్గలేదు. ఇదే మనిషి రాత్రి 'గోన గన్నారెడ్డి' చదివి కాకతీయ సామ్రాజ్యము వర్ధిల్లవలెనని కోరుకొనును. మాఘమాసమున ఎడ్లబండి గట్టి మేడారమునకు పోయి, అదే సామ్రాజ్యము చేత చచ్చినవారికి మ్రొక్కును. ఇది విరోధమని అతనికి తోచదు. నాకును చాలకాలము తోచలేదు.

ఆదిలాబాదు వైపు పోయినచో చదువరి, వినువాడు వేరువేరు కారు. అక్కడి గోండుల వంశగాథలను మూడు తంతుల కీక్రి వాయించుచు పాడువారు పర్ధానులు. ఏ కుదురువారి గాథను ఆ కుదురువారికే, వారి పండుగ వేళలలో వినిపించుదురు. కేస్లాపురపు నాగోబా జాతరలో మెస్రం వంశీయులు తమ కథను తామే కూర్చుండి విందురు. 1940లలో మార్లవాయిలో నివసించి ఆ గాథలను వ్రాసికొన్న హైమన్‌డార్ఫ్, వాటిని 1948లో ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన తన గ్రంథమునకు ఎక్కించెను. అచ్చట గాథ బాగున్నదా లేదా అను అభిప్రాయభేదమునకు తావు తక్కువ. వినువాడు ఆ కథలోని వాని మనుమడు. తన తాత చేసిన పెండ్లిని విమర్శించుటకు ఎవడు పూనుకొనును? ఆ అడవులను గూర్చియే సాహు, అల్లం రాజయ్య గార్లు కలసి వ్రాసిన 'కొమురం భీము' నవల వచ్చినప్పుడు మాత్రము తగవు వచ్చినది, దాని తీరు వేరు. 1940లో జోడేఘాటు వద్ద నిజాము పోలీసు కాల్పులలో మరణించిన మనిషి కథ అది. ప్రణయమునకు అలవాటుపడినవారు ఇందులో వలపు ఏదని అడిగిరి. అడవి మీది హక్కు కొరకు చచ్చినవాని కథలో వలపు ఏల వెదకుదురని నవలకు ఒదిగినవారు కసిరిరి. మా ప్రాంతపు గంభీర పాఠకులు చాలమంది ఆ నాటి నుండి చారిత్రక ప్రణయమును పక్కకు నెట్టి, 'పొద్దుపుచ్చు పుస్తకము' అని పేరుపెట్టిరి.

ఆ పేరు స్త్రీల యెడల అన్యాయము. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' 1960లలో సీరియల్‌గా వచ్చిననాటి నుండి, గర్విష్ఠియైన ధనవంతుడు, అభిమానవతియైన పేదపిల్ల అను జంట మన ఇండ్లలో స్థిరపడినది. ఆస్టెన్ నాటి డార్సీ దొర, మోటారుకారు ఎక్కి హైదరాబాదులో దిగెనన్నమాట. దానిని పగటికలయని వెక్కిరించిన పురుషులు, తాము గన్నారెడ్డి గుర్రము మీద కనిన కలను చరిత్ర యని చెప్పుకొనిరి. చదివిన స్త్రీలు ఆ పుస్తకములలో వెదకినది కారును గాదు, కోటను గాదు. తన మాటకు ఎదుటివాడు ఆగి బదులు చెప్పు ఘట్టమును వెదకిరి. 'ఏకవీర'లో అది దొరకక కొందరు విసిగిరి, దొరకకపోవుటయే తమ బ్రదుకని మరికొందరు ఏడ్చిరి. ఒక్క పుస్తకమునకు రెండు తీర్పులు వచ్చినది ఇచ్చటనే.

ఇప్పుడు క్రొత్తగా వినవచ్చుచున్న అభిప్రాయమొకటి మిగిలినది. బాపిరాజు గారి 'హిమబిందు' శాతవాహనుల ధాన్యకటకమున నడచిన ప్రణయకథ. వర్తకుడు చారుగుప్తుని కూతురికిని, శిల్పి కొడుకైన సువర్ణశ్రీకిని నడుమ వలపు. ఆ నవల వెలువడిన చాల యేండ్లకు, 1970ల చివర, గోదావరి యొడ్డున కోటిలింగాలలో శాతవాహన మూలపురుషుడు చిముకుని పేరు గల నాణెములు దొరికినవి. ధూళికట్టలో బౌద్ధస్తూపము బయల్పడినది. 2008లో కరీంనగరున శాతవాహన విశ్వవిద్యాలయము వెలసినది. కావున శాతవాహనుల తొలి నెలవు మాది, ఆ నవలను తిరుగవ్రాయవలెనని మన యువకులు కొందరు పట్టుబట్టుచున్నారు. వారి ఉత్సాహము ముచ్చటయైనదే, నాణెములును నిజమైనవే. కాని హిమబిందును ధాన్యకటకము నుండి తెచ్చి కోటిలింగాల ఒడ్డున నిలిపినంత మాత్రమున ఆమె వలపులో ఒక్క పుటయు మారదు. మేడరాజు కూతురి వాకిట నిలిచి ఓరుగల్లు కథను చెప్పబూనినచో మాత్రము, 'గోన గన్నారెడ్డి'లో మొదటి పుట నుండి అన్నియు మార్చి వ్రాయవలసి వచ్చును. ఆ నవలను ఇంతవరకు ఎవరును వ్రాయబూనినట్లు నాకు కనబడలేదు.